బడి అయ్యాక ఇంట్లో ఏం చేయొచ్చు? ఒక కొత్త టీచరు ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా, చేరి రెండేళ్లు. బస్సులో ముప్పావు గంట ప్రయాణం. ఒకటి, రెండు తరగతులు, కలిపి 34 మంది పిల్లలు. ఇల్లు రెండు గదుల అద్దె ఇల్లు. మూడున్నరేళ్ల పాప, అత్తగారు, రాత్రి తొమ్మిదికి గానీ షాపు కట్టి రాని భర్త. ఇంట్లో పాపకీ, బడిలో పిల్లలకీ పనికొచ్చేవి సొంతంగా చేయాలని ఉంది. వీడియోలు చూసి చార్టులు, రంగులు, థర్మకోల్ కొన్నారు, అన్నీ సగంలో ఆగిపోయి మంచం కింద ఉన్నాయి. ఏది ముందు చేయాలి, ఎలా చేయాలి, స్ఫూర్తి ఎక్కడ వెతకాలి అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇంట్లో ఒక్క గోడ మూల తీసుకోండి. అక్కడ మూడే వస్తువులు పెట్టండి: ప్లైవుడ్ మీద వేసిన నల్లబల్ల, పాత దుప్పటితో కుట్టిన పుస్తకాల జేబుల తెర, పుల్లలూ చింతగింజలూ కార్డులూ ఉన్న ఒక డబ్బా. మూడు ఆదివారాల పని. ప్లై ముక్క, పెయింటు తప్ప పెద్దగా కొనాల్సిందేమీ లేదు. చార్టులు, థర్మకోల్, మెరుపు కాగితాల జోలికి ఈ ఏడాది పోకండి. కానీ వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. నోటు పుస్తకాల సంచి ఇంటికి రాకుండా ఆపాలి. అది ఆగకపోతే మిగతావి మళ్లీ మంచం కిందకే చేరతాయి.

దిద్దుడు సంగతి

లెక్క వేసి చూడండి. 34 మంది, తెలుగు, లెక్కలు రెండు పుస్తకాలు, అంటే 68. ఒక్కోదానికి నిమిషన్నర వేసుకున్నా గంటా నలభై రెండు నిమిషాలు. ఇది రోజూ ఇంట్లో చేస్తూ ఇంకో పని చేయాలనుకోవడం అత్యాశ. పైగా ఒకటో తరగతి పిల్లాడి పుస్తకంలో మీరు రాత్రి రాసిన వ్యాఖ్య వాడు చదవలేడు, వాళ్లమ్మకు చదివే తీరిక ఉండదు. ఆ వయసులో పనికొచ్చే దిద్దుడు పిల్లాడు పక్కన నిలబడి ఉండగా చేసేదొక్కటే.

అందుకని పిల్లల్ని ఐదు జట్లుగా చేయండి, జట్టుకు ఏడుగురు (ఒక జట్టుకు ఆరుగురే వస్తారు). సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకో జట్టు పుస్తకాలు మాత్రమే పూర్తిగా, వాళ్ల ఎదురుగా దిద్దండి. 14 పుస్తకాలు, ఒక్కోటి రెండు నిమిషాలు, 28 నిమిషాలు. మిగతా వాళ్లు అప్పుడు రాత పనిలో ఉంటారు. ఆ రోజు జట్టులో లేనివాళ్లకు జవాబులు నల్లబల్ల మీద రాసి, ఎవరిది వాళ్లే సరిచూసుకుని తప్పు చుట్టూ సున్నా చుట్టమనండి. తనిఖీకి వచ్చేవాళ్లు అన్ని పుటల్లో సంతకం అడుగుతారన్న భయం ఉంటే, పిల్లలు వరసలో వచ్చి పుస్తకం తెరిచి పట్టుకుంటే తేదీ, పొట్టి సంతకం పెట్టడానికి పుస్తకానికి పది సెకన్లు చాలు.

శనివారం ఏ జట్టూ ఉండదు. వారంలో సెలవు వస్తే ఆ జట్టు శనివారానికి జరుగుతుంది. ఈ ఖాళీ రోజు లేకపోతే మొదటి పండగ సెలవుతోనే పద్ధతి చెడిపోతుంది.

నల్లబల్ల

అద్దె ఇల్లు కాబట్టి గోడకు పెయింటు వద్దు. ఓనరు ఒప్పుకున్నా వద్దనే అంటాను. సున్నం వేసిన గోడ మీద పెయింటు పొరలు పొరలుగా లేస్తుంది, కింది రెండడుగుల్లో నెమ్ము ఉంటే ఉప్పు పొంగుతుంది. సొంత ఇంట్లో గోడకే వేయాలనుకునే వాళ్లు ముందు ఒక అడుగు చదరం ప్లాస్టిక్ కవరును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజంతా వదిలేయండి. లోపలి వైపు చెమర్చితే ఆ గోడ పనికిరాదు.

మీకు కావాల్సింది 4 అడుగులు × 3 అడుగుల 6 మి.మీ. ప్లైవుడ్. కొత్త షీటు కొనక్కర్లేదు. టింబర్ డిపోలో కోతలో మిగిలిన ముక్కలుంటాయి, అడిగి కొలతకు కోయించుకోండి. ఎండీఎఫ్, హార్డ్‌బోర్డు తేలిగ్గా, చవగ్గా కనిపిస్తాయి. తడిగుడ్డతో పది సార్లు తుడిచేసరికి అంచులు ఉబ్బుతాయి.

తర్వాత పని వరసగా:

అంచులూ ముఖమూ 120 నంబరు ఎమెరీ పేపరుతో రుద్దండి, నాలుగు మూలలూ గుండ్రంగా వచ్చేదాకా. పాప ఆ మూలల పక్కనే తిరుగుతుంది. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి వుడ్ ప్రైమర్ ఒక కోటు వేయండి. షాపులో ఇనుముకు వేసే ఎర్ర ప్రైమర్ చేతిలో పెడతారు, చెక్కకు వేసే తెల్లది అడగండి. ఆరడానికి ఒక రాత్రి.

బ్లాక్‌బోర్డ్ పెయింటు 500 మి.లీ. డబ్బా సరిపోతుంది. ముందువైపు 12 చదరపు అడుగులు రెండు కోట్లు, వెనకవైపు ఒక కోటు, మొత్తం 36 చదరపు అడుగులు. దానికి దాదాపు 400 మి.లీ. పడుతుంది. వెనకవైపు కూడా వేయాల్సిందే. ఒక్క ముఖానికే వేస్తే రెండో ముఖం తేమ పీల్చి, రెండు వానలకు బల్ల విల్లులా వంగుతుంది. చాలామంది బల్ల వంగిందని ప్లైని తిడతారు, తప్పు ప్లైది కాదు.

డబ్బా మూత తీశాక అడుగు నుంచి పైకి కర్రతో ఐదు నిమిషాలు కలపండి. మెరుపును చంపే పొడి అడుగున పేరుకుని ఉంటుంది. పైపైన కలిపి వేస్తే మొదటి సగం బల్ల నిగనిగలాడుతుంది, చాక్‌పీసు జారుతుంది. చిక్కగా ఉంటే టర్పెంటైన్ కొద్దిగా, పదో వంతు మించకుండా పోయండి. కుంచె బదులు 4 అంగుళాల స్పాంజి రోలరు వాడండి. కుంచె గీతల్లో చాక్‌పీసు పొడి ఇరుక్కుని ఎంత తుడిచినా పోదు. మొదటి కోటు అడ్డంగా, ఒక రోజు ఆగి 320 నంబరు ఎమెరీతో తేలిగ్గా రుద్ది, రెండో కోటు నిలువుగా. వానాకాలమైతే కోటుకు రెండు రోజులు ఆగాలి.

ఇదంతా డాబా మీద చేయండి, అన్ని కోట్లూ ఆరేదాకా పాప ఆ చుట్టుపక్కలకు వెళ్లకూడదు. కొనేటప్పుడు డబ్బా మీద సీసం సంగతి చదవండి. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. పేరులేని డబ్బా, షాపులో ఏళ్లుగా ఉన్న పాత డబ్బా ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. పిల్లలు చేతులు నోట్లో పెట్టుకునే వయసు ఇది.

ఆరిన మూడో రోజు అసలు కిటుకు. రాయకముందు ఒక చాక్‌పీసును అడ్డంగా పట్టుకుని బల్ల మొత్తం తెల్లగా అయ్యేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేయండి. కొత్త పెయింటులో కంటికి కనిపించని సన్న గుంటలుంటాయి. అవి ముందు చాక్ పొడితో నిండాలి. ఇది చేయకుండా రాసిన మొదటి ‘అ’ ఏడాదైనా నీడలాగా కనిపిస్తూనే ఉంటుంది.

పలకకు దొండాకు, బొగ్గు రుద్దిన అలవాటుతో మీ అత్తగారు దీనికీ అదే రుద్దమనవచ్చు. చెక్క పలకకు అది మంచి ఉపాయమే. నూనె పెయింటు మీద మాత్రం పసరు పట్టదు, చారలు కడుతుంది. బల్ల నున్నబడితే 320 ఎమెరీ రుద్ది ఇంకో కోటు వేయడమే.

బిగించే ఎత్తు: కింది అంచు నేలకు ఒక అడుగు, పొడవు వైపు అడ్డంగా, పై అంచు నేలకు నాలుగడుగులు. మూడున్నరేళ్ల పిల్ల సుమారు మీటరు పొడవుంటుంది, చెయ్యెత్తితే పై అంచు దగ్గరికి అందుతుంది. పెద్దవాళ్ల కంటి ఎత్తుకు పెట్టిన బల్ల ఇంట్లో పాల లెక్కలు రాసుకోవడానికే మిగులుతుంది. బరువు నాలుగు కిలోల దాకా ఉంటుంది కాబట్టి అంటించే కొక్కేలు నమ్మకండి, సున్నపు పొరతో సహా ఊడి వస్తాయి. ఓనరు ఒప్పుకుంటే 6 మి.మీ. చిల్లులు నాలుగు, ప్లగ్గులు, అంగుళంన్నర స్క్రూలు. పైన రెండు, కింద కూడా రెండు. కింద బిగించకపోతే పాప అంచు పట్టుకుని లాగినప్పుడు బల్ల ముందుకొస్తుంది. చిల్లులు వద్దంటే బల్ల పై మూలల్లో రంధ్రాలు చేసి కిటికీ ఊచలకు నైలాను తాడుతో కట్టి, కింది అంచును బరువైన ట్రంకు పెట్టె వెనక ఇరికించండి. కిటికీకి ఎదురు గోడ మీద పెట్టకండి, వెలుతురు తిరగబడి అక్షరాలు కనపడవు.

చాక్ దుమ్ము: ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే డస్టరు వాడకండి, బాగా పిండిన తడిగుడ్డతో పైనుంచి కిందకు ఒకే వైపు తుడవండి. రోజుకు ఒక్కసారి చాలు.

పుస్తకాల తెర

చిన్నపిల్లలు పుస్తకాన్ని వెన్ను చూసి గుర్తుపట్టలేరు, అట్ట బొమ్మ చూసి తీస్తారు. అలమరలో నిలబెట్టిన పుస్తకం వాళ్ల లెక్కన లేనట్టే. అందుకే జేబుల తెర.

పాత కాటన్ దుప్పటి మంచిది. చీర అయితే జారుతుంది, రెండు మడతలు వేయాలి. వెనక గుడ్డ 38 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు కత్తిరించండి. రెండు పక్కలా అంగుళం చొప్పున మడిస్తే 36 అవుతుంది. పైన మూడు అంగుళాలు మడిచి కర్ర దూర్చే గొట్టం కుట్టండి, కింద ఒక అంగుళం మడత. మిగిలేది 48, అంటే పన్నెండేసి అంగుళాల నాలుగు వరసలు.

జేబుల పట్టీలు నాలుగు, ఒక్కోటి 41 × 9 అంగుళాలు. వెనక గుడ్డ 36 ఉంటే పట్టీ 41 ఎందుకంటే, ఇరుపక్కలా కుట్లకు రెండు పోగా మూడు జేబులకూ అంగుళం చొప్పున వదులు ఉండాలి. ఈ వదులు మరిచిపోవడం అందరూ చేసే తప్పు. అట్ట దూరదు, బలవంతంగా తోస్తే కుట్టు తెగుతుంది. ఆ అదనపు అంగుళాన్ని జేబు అడుగున మధ్యలో ఒక కుచ్చుగా మడిచి కుట్టేయండి, పైన వదులుగా, కింద బిగువుగా ఉంటుంది. పట్టీ పై అంచు అంగుళం మడిచి కుట్టాక, కింది అంచు అరంగుళం లోపలికి పోతే జేబు లోతు ఏడున్నర అంగుళాలు. పది, పదకొండు అంగుళాల పుస్తకం పెడితే అట్ట మీది బొమ్మ తల పైకి కనిపిస్తుంది. అంతకన్నా చిన్న పుస్తకాలు మునిగిపోతాయి, వాటికోసం ఒక వరస పట్టీని ఐదంగుళాల లోతుకు కుట్టుకోండి.

పైగొట్టంలో 38 అంగుళాల వెదురు కర్రో, ముప్పావు అంగుళం పీవీసీ పైపో దూర్చండి. రెండు చివరలే కాక మధ్యలో కూడా ఒక మేకు ఉండాలి, లేకపోతే నెలకు నడుము వంగుతుంది. జేబుకు రెండు చొప్పున 24 పుస్తకాలు. ఉన్నవన్నీ ఒకేసారి పెట్టకండి, సగం పెట్టెలో దాచి పదిహేను రోజులకోసారి మార్చండి. దాచిన పుస్తకం తిరిగి వచ్చినప్పుడు కొత్తదాని మర్యాదే దక్కుతుంది.

చిరిగిన పుటలకు ప్లాస్టిక్ టేపు వేయకండి, రెండు వేసవులకు పచ్చబడి పెళుసెక్కి పుటను కూడా లాక్కుపోతుంది. రెండు చెంచాల మైదా కప్పు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద పారదర్శకంగా మారేదాకా తిప్పితే జిగురు తయారు. పలుచని తెల్ల కాగితం పట్టీతో అతకండి. పాతకాలంలో పురుగు పట్టకుండా ఈ జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. కొంచెమే కాచుకుని మూడు రోజుల్లో పారేయండి.

డబ్బా

మీ రెండు తరగతులకూ నిజంగా పనికొచ్చేది ఇదే. బడికి ఒకటి, ఇంటికి ఒకటి చేయండి. రోజూ మోసుకెళ్తే ముక్కలు బస్సులోనే పోతాయి.

*పుల్లలు.* కొబ్బరి ఈనెల చీపురు కొత్తది ఒకటి కొని, గట్టి భాగం నుంచి 10 సెం.మీ. ముక్కలు 110 కోయండి. పది ఎక్కువ ఎందుకంటే వారంలో ఓ పదైనా పోతాయి. రెండు కొసలూ గచ్చు మీద రుద్ది మొద్దు చేయండి. కట్టలు కట్టడానికి రబ్బరు బ్యాండ్లు వద్దు, మన ఎండలకు నెలలో జిగురై తెగుతాయి. సైకిల్ షాపులో పారేసే పాత ట్యూబు అడిగి తెచ్చుకుని అర సెంటీమీటరు వెడల్పు ఉంగరాలుగా కోయండి, ఏళ్ల తరబడి వస్తాయి. సన్నకట్టకు ఉంగరం వదులైతే రెండు చుట్లు తిప్పడమే.

వీటితో 32 లోంచి 17 తీసేయడం చూడండి. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు నేల మీద పెట్టించండి. ‘ఏడు తీయి’ అంటే పిల్లాడు రెండు తీసి మీ మొహం చూస్తాడు. ఆగండి, చెప్పకండి. అర నిమిషంలో ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. ఇప్పుడు రెండు కట్టలు, పన్నెండు విడివి. ఏడు తీస్తే ఐదు, ఒక కట్ట తీస్తే ఒకటి మిగిలింది. పదిహేను. పలక మీద 3 కొట్టేసి 2 వేసి, పక్కన 12 రాయడం ఈ విప్పిన కట్టకే గుర్తు. అది కంటితో చూడని పిల్లలే నాలుగో తరగతిలో కూడా ‘రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశాను’ అంటారు. పూసల దండలు, అతికించిన పదుల పట్టీలు అందంగా ఉంటాయి కానీ విప్పడానికి రావు. అందుకే ఈనెలే మేలంటాను.

*చింతగింజలు.* ఒక వైపు గచ్చు మీద తెల్లగా వచ్చేదాకా అరగదీయండి, వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ పని మీ అత్తగారికి ఒప్పజెప్పండి, పాప పక్కన కూర్చుంటుంది, మీకు అరగంట దొరుకుతుంది. పది గింజలు గుప్పిట్లో ఊపి వేస్తే ఆరు తెల్లవి, నాలుగు నల్లవి పడతాయి. ఇంకోసారి ఏడు, మూడు. ఇరవై విసుర్లలో ఐదు-ఐదు, ఆరు-నాలుగు, ఏడు-మూడు మళ్లీ మళ్లీ పడతాయి, తొమ్మిది-ఒకటి, పది-సున్నా అరుదు. ఒకటో తరగతి వాళ్లు పడినవి పుస్తకంలో జంటలుగా రాసుకుంటే ఆ రోజు లెక్కల పని అయిపోయినట్టే.

రెండు హెచ్చరికలు. గురివింద గింజలు ఎర్రగా ముద్దొస్తాయని లెక్కలకు వాడేవాళ్లున్నారు. వాటి పప్పు తీవ్రమైన విషం, కొరికితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో గానీ బడిలో గానీ ఉండకూడదు. రెండోది, మూడేళ్లు దాటినా పిల్లలు గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. చింతగింజల డబ్బా పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే దిగాలి, లెక్కపెట్టి తీసి లెక్కపెట్టి పెట్టాలి. లెక్కపెట్టడం ఎటూ పాఠమే.

*అక్షరాల కార్డులు.* చార్టు కొనకండి. పెళ్లి శుభలేఖల వెనక ఖాళీ దళసరి అట్ట ఉంటుంది, చుట్టాలను అడిగితే సంచుల కొద్దీ ఇస్తారు. 4 × 3 అంగుళాలకు కోయండి. అక్షరం రెండంగుళాల ఎత్తు, నల్ల మార్కరుతో. స్కెచ్ పెన్ను చెమట చేతులకు అలుక్కుపోతుంది. ప్రతి కార్డుకూ కుడి పైమూల కొంచెం కత్తిరించండి. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి కొత్తగా చూసే పిల్లలు తలకిందులుగా పట్టుకున్నా తెలియదు. తెగిన మూల కుడి పైన ఉందో లేదో చూడమంటే వాళ్లే తిప్పుకుంటారు.

గుణింతాలన్నీ కార్డుల మీద రాయబోతే 400 దాటతాయి, దిగకండి. హల్లు ఒక ముక్క మీద, గుర్తు ఇంకో ముక్క మీద రాసి జరిపే పట్టీలు వీడియోల్లో కనిపిస్తాయి. క, ల, న లాంటి వాటికి బాగానే ఉంటుంది కానీ కొన్నిచోట్ల తప్పు నేర్పుతుంది. ‘వ’ పక్కన కొమ్ము జరిపితే ‘మ’ అయి కూర్చుంటుంది. అందుకే ‘వు’లో కొమ్మును కింది నుంచి తీస్తాం. ‘పు’ కూడా అంతే. ‘మొ’, ‘యొ’లలో ఒత్వం ‘కొ’లో ఉన్నట్టు ఉండదు, ‘మె’, ‘యె’ పక్కన కొమ్ము చేరుతుంది. ఈ అక్షరాలకు పట్టీ వాడకుండా బల్ల మీద చేత్తో రాసి చూపండి, పిల్లల వేలితో ఆ దారిలో తిప్పించండి.

స్ఫూర్తి ఎక్కడ

వీడియోలు మానమని చెప్పను. ఏదైనా చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: పిల్లలు దీన్ని ఊరికే చూడటం కాకుండా చేత్తో పట్టుకుంటారా? విప్పి మళ్లీ పెట్టొచ్చా? విరిగితే పది నిమిషాల్లో ఇంకోటి చేయగలనా? మూడింటికీ అవునని రాకపోతే అది గోడకు అలంకారం. మీ మంచం కింద ఉన్న వాటిని ఈ మూడింటితో జల్లెడ పట్టండి, చాలావరకు పాత సామాను వాడికి వేయొచ్చు.

మనుషుల్లో ముగ్గురిని చదవమంటాను. గిజుభాయ్ బధేకా వృత్తిరీత్యా వకీలు. పిల్లల పెంపకం మీద ఆసక్తితో చదువు వైపు మళ్లి 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. కథ, ఆట, పాట మీదే నడిపించారు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బాలల ఇల్లు తెరిచారు, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. నల్లబల్ల ఒక అడుగు ఎత్తులో పెట్టమనడం, సామాను పిల్లల చేతికందేలా ఉంచమనడం ఆ దారిలోవే. ఆమె పేరుతో అమ్మే ఖరీదైన చెక్క సామాను కొనక్కర్లేదు. మూడో ఆయన అరవింద్ గుప్తా, కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజినీరు, 2018లో పద్మశ్రీ. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుతో ఆయన చేసే ఆకారాలు మీ రెండో తరగతికి సరిగ్గా సరిపోతాయి. వాల్వు ట్యూబును సెంటీమీటరు పైచిలుకు ముక్కలు కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లల కొసలు రెండు వైపులా దూరిస్తే కీలు అవుతుంది. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం కట్టించి నొక్కమనండి. చతురస్రం వాలిపోతుంది, త్రిభుజం కదలదు. కరెంటు టవర్లో అన్నీ త్రిభుజాలే ఎందుకో బస్సులోంచి చూసి మర్నాడు వాళ్లే చెబుతారు. అగ్గిపుల్లల మందు మీరే ముందు రోజు గీకేసి పట్టుకెళ్లండి.

పాప సంగతి

ఇది మీరు అడగలేదు గానీ ప్రశ్న వెనక ఇదే ఉందనిపించింది. ‘టీచరు కూతురు, ఇంకా అ ఆలు రాలేదా’ అనే చుట్టాలు ప్రతి ఇంటికీ ఉంటారు. మూడున్నరేళ్లకు రాత అక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా, ఆట మీద నడవాలంటుంది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటుంది. నిలబడి నల్లబల్ల మీద అడ్డదిడ్డంగా గీతలు గీస్తే భుజం, మోచెయ్యి, మణికట్టు బలపడతాయి, రాత తర్వాత దానంతటదే వస్తుంది. చాక్‌పీసు పొడవుది కాకుండా అంగుళం ముక్క ఇవ్వండి. ముక్కను గుప్పిట్లో పట్టుకోవడం కుదరదు, వేళ్లతోనే పట్టుకోవాల్సి వస్తుంది. గీసినదాన్ని దిద్దకండి, ‘ఇదేంటి’ అని కూడా అడగకండి, ‘దీని గురించి చెప్పు’ అనండి.

రోజూ ఆ మూలలో పాపతో మీ సమయం పదిహేను నిమిషాలు చాలు, కానీ ఇంటికి రాగానే కాదు. దిగిన వెంటనే కాళ్లు కడుక్కుని టీ తాగండి, లేకపోతే బడి గొంతుతోనే పాపతో మాట్లాడతారు. రాత్రి అన్నం తిన్నాక ఒక పుస్తకం, అదే పుస్తకం పది రోజులు అడిగినా అదే. మీకు పరీక్షల పని ఉన్న రోజున ఆ పుస్తకం నాన్న చదవాలి. తొమ్మిదికి వచ్చినా ఐదు నిమిషాలు పడుతుంది. అత్తగారి పొడుపు కథలకు మాత్రం వేళాపాళా పెట్టకండి, పాఠం చెప్పమనీ అనకండి. ఆవిడ ఆట ఆవిడ పద్ధతిలో సాగాలి.

ఒక మెంతి టబ్బు

ఇంకా ఓపిక మిగిలితే నాలుగో ఆదివారం. ఆరంగుళాల లోతు పాత ప్లాస్టిక్ టబ్బు, అడుగున సెంటీమీటరు చిల్లులు ఐదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు. పోపుల డబ్బాలోని మెంతులే రెండు చెంచాలు రాత్రి నానబెట్టి, ఉదయం చల్లి, అర సెంటీమీటరు మట్టి కప్పండి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించండి. పావురాలు తవ్వుతుంటే మొలకెత్తేదాకా పాత చున్నీ కప్పండి. మూడు, నాలుగు రోజులకు మొలకలు, మూడు, నాలుగు వారాలకు పప్పులోకి కూర. మే నెల ఎండల్లో మాత్రం మొదలుపెట్టకండి, వర్షాలు పడ్డాక చల్లండి.

అదే రోజు బడిలో కూడా ఒక పగిలిన కుండలో చల్లి, పిల్లలతో రోజూ ఈనె పుల్లతో ఎత్తు కొలిపించండి. మీ ఇంటి మొలకల ఎత్తు పాప చేత బల్ల మీద గీత గీయించి మర్నాడు బడిలో చెప్పండి, ఎవరిది పొడవో రెండో తరగతి వాళ్లు లెక్క తేలుస్తారు.

బల్ల బిగించడానికి ఓనరు ఒప్పుకోకపోతే కిటికీ వెడల్పు, ఊచలు నిలువో అడ్డమో రాయండి, కట్టే తీరు చెబుతాను.